అమ్మ దస్తూరి

యాకుత్‌పురాలోని మా ఇంట్లో అమ్మకు టీ కంటే ముందు రామకోటి. పొద్దున్నే స్నానం చేసి, గళ్ల పుస్తకం ముందేసుకుని, ఒక్కో గడిలో ‘శ్రీరామ’ అని గుండ్రంగా రాసేది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. పుస్తకం సగంలో ఆగిపోయింది. ఎడమచేత్తో ఒకసారి ప్రయత్నించి, కోడిగీతల్లా ఉన్నాయని పెన్ను పక్కన పెట్టేసింది. దేవుడి పేరు అలా రాయడం ఆమెకు తలకొట్టేసినట్టయింది. తరువాత మాటలు తగ్గించింది. డాక్టర్ చెప్పిన వ్యాయామమూ మానేసింది. అమ్మ ఇక ఇలాగే మూలన కూర్చుండిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

నాకు భయం వేస్తే అది కోపంగా బయటికొస్తుంది. రోజూ కసురుకున్నాను. లాభం లేకపోయేసరికి ఒక ఉపాయం ఆలోచించాను. ఆఫీసుకు వెళ్లేముందు వంటింట్లో కూర్చుని, అచ్చు అమ్మ రాసినట్టే మిగిలిన గళ్లు నింపడం మొదలుపెట్టాను. ‘శ్రీ’ తల మీద ఆమె పెట్టే చిన్న మెలికతో సహా దించేశాను. ఎవరు రాసినా పేరు ఒకటే కదా, పుస్తకం పూర్తిచేసి భద్రాచలం పంపితే ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. కుక్కర్ కూతపెడుతున్నా, గల్లీలో ఆటో హారన్ కొడుతున్నా రాశాను. నెలరోజుల్లో అయిపోయింది.

తీసుకెళ్లి ఒళ్లో పెడితే మురిసిపోతుందనుకున్నాను. అమ్మ పేజీలు తిప్పి తిప్పి చూసి, ఇవి రాసేటప్పుడు నీకెట్లుండె అని అడిగింది. ఎట్లుంటుంది, ఆలస్యమవుతోందని పళ్లు కొరుకుతూ రాశానని ఉన్నమాటే చెప్పాను.

“రాముడంటే ఏంది బిడ్డా? మనసుకు ఆనందమిచ్చెటోడు. ఆ పేరు రాస్తుంటే పానం హాయిగుంటుండె, గందుకే రాసిన. గళ్లు నింపనీకి కాదు.”

నెలరోజుల కష్టం. నా ఒళ్లు మండింది.

“మరి నువ్వేం చేసినవమ్మా? అక్షరాలు వంకరొచ్చినయని పెన్ను పక్కకు పెట్టినవ్. నీకు గావాల్సింది రాముడా, మంచి దస్తూరా?”

అనేశాక నాలుక కరుచుకున్నాను. అమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున స్నానం చేయించి చీర సర్దుతుంటే, పెన్ను ఇమ్మంది. చేతికందిన పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పరిచాను. ఎడమచేత్తో పెన్ను పిడికిలి బిగించి పట్టుకుంది. ‘శ్రీ’ రాసేసరికే సగం కాగితం అయిపోయింది. ‘రామ’ అంచుదాకా పోయి కిందికి వంగింది. దాన్ని చూసి అమ్మకే నవ్వొచ్చింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను కళ్లు తుడుచుకుంటుంటే, ఇంకో కాగితం ఉందా అని అడిగింది.

సాయంత్రం పత్తర్‌గట్టి బజారులో పెద్ద పెద్ద గళ్ల పుస్తకం కావాలని అడిగాను. ఏ క్లాసు పిల్లలకని దుకాణంలో భాయ్ అడిగాడు.

“మా అమ్మకు భాయ్,” అన్నాను. “ఇయ్యాలనే షురూ చేసింది.”