కొబ్బరికాయలు మోసిన అతుకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నడవనివి రెండుండేవి: గోడగడియారం, నేను. గడియారం మీద ఎవరికీ ఆశ లేదు. నాకు మాత్రం, జ్వరంలో ఎడమకాలు చచ్చుబడినా, కాలవ అవతలి బడికి వెళ్ళాలని మహా ఆశగా ఉండేది.

యుద్ధకాలంలో మా చిన్నాన్న బెంగుళూరులో విమానాల చట్రాలకు ఉక్కు గొట్టాలు వెల్డింగు చేసేవాడు. యుద్ధం అయిపోయాక అమలాపురం వచ్చేసి, సైకిళ్ళు బాగుచేసుకుంటూ, నాకోసం చేత్తో తిప్పే మూడుచక్రాల బండి తయారుచేశాడు. మా నాన్నమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "అతుకులబొంత కప్పుకోడానికిరా, ఎక్కడానిక్కాదు. కాలవ వంతెన మీద ఊడితే పిల్లేమైపోద్ది?" అంది. ఆవిడ వద్దంటే మా ఇంట్లో పొయ్యి కూడా వెలిగేది కాదు.

చిన్నాన్న బండికి వాడగా మిగిలిన గొట్టంలోంచి రెండు ముక్కలు కోసి, బండి గొట్టాలు అతికినట్టే ఒకదానికొకటి అతికాడు. ఒక ముక్కను కొబ్బరిచెట్టు మానుకు బిగించి కట్టాడు. గాల్లోకి చాచుకున్న రెండోదాని కొసకి గోనెసంచి వేలాడదీసి, అందులో కాయలు వేసే పని నాన్నమ్మకే అప్పగించాడు. ఆవిడ శత్రువు ఇంటిమీద రాళ్ళు వేసినంత శ్రద్ధగా వేసింది. కాయ పడ్డప్పుడల్లా నా బడి కాస్త దూరం జరిగినట్టుండేది.

సంచి నాకంటే చాలా బరువెక్కింది. "చాలామ్మా?" అన్నాడు చిన్నాన్న.

"నువ్వూరుకో. పిల్ల రేపు పెరగదేంటి?" అని ఇంకో కాయ వేసింది.

సంచి దబ్బున కిందపడింది. నేను ఏడుపందుకున్నాను. "చెప్పేనా," అంది నాన్నమ్మ, గెలిచిన సంతోషమేమీ లేకుండా.

చిన్నాన్న విరిగిన ముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "విమానాలక్కూడా ఇలాగే ఒకటి విరగ్గొట్టి చూసేవాళ్ళం. ఎక్కడ విరిగిందో చూడమ్మా."

అతుకు అతుకులాగే ఉంది. దాని పక్కన, ఎవరూ అనుమానించని నున్నటి గొట్టం విరిగింది. ఆవిడ అతుకును బొటనవేలితో తడిమి తడిమి చూసి, "అయితే బండంతా అతుకులే పెట్టలేకపోయేవురా?" అంది. మా ఇంట్లో దాన్ని అనుమతి అంటారు.

మర్నాడు వంతెన మీద బండి నేనే తిప్పుకున్నాను. నాన్నమ్మ వెనకాలే వచ్చింది, ఎందుకైనా మంచిదని.

వయసుతోపాటు నాకూ అతుకులు పడ్డాయి. ఒకటి తుంటి ఎముకలో. మిగతావి చెప్పుకునేవి కావు. ఎప్పుడైనా బరువెక్కువై లోపలేదో తెగినట్టనిపిస్తే, ముందు ఎక్కడ తెగిందో తడిమి చూసుకుంటాను. ఇంతవరకూ అతుకు దగ్గర తెగలేదు.