శేషగిరి గారి నవంబరు ముప్పై

శేషగిరి గారు పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది గాని, ఆయనలోని సెక్షన్ ఆఫీసరుకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. గ్రేటర్ నోయిడాలో కూతురింట్లో కూర్చుని పాలవాడి లెక్కని కూడా ‘పరిశీలనలో’ పెట్టేవారు. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన మనిషిని, ఫిర్యాదు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరి అనుమతితో చేశారు అని నిలదీసేవారు. అతను విసిగి వెళ్ళిపోతే, ‘చూశావా, బాధ్యత లేదు’ అని భార్య లక్ష్మీకుమారితో అనేవారు. ఆవిడ కిందనుంచి బకెట్‌తో నీళ్ళు మోసుకొస్తూ ఆ మాట వినేది.

ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల వైద్య ఖర్చుల బిల్లులు చూసే సీటు ఆయనది. ఆ బిల్లులు పాస్ చెయ్యడం ఆయన పని అని ప్రభుత్వం అనుకునేది. ఆపడం తన పని అని ఆయన అనుకునేవారు. గడువు దాటిన బిల్లు కనబడితే ఆయన మొహం వెలిగిపోయేది. ఆయన నమ్మిన దేవుడు ఒక్కడే, ఇన్‌వార్డ్ ముద్ర. కాగితం గడువులోపల ఆఫీసు చేరి, దాని మీద తేదీ ముద్ర పడిందా, ఇక అది బీరువాలో ఏడాది పడుకున్నా మనిషి హక్కు ఎక్కడికీ పోదు. ముద్ర పడలేదా, తలకిందులుగా తపస్సు చేసినా పైసా రాలదు.

అలా పైసా రాలనివాళ్ళలో పాపయ్య ఒకడు. అదే ఆఫీసులో ప్యూను, శ్రీకాకుళం వైపు మనిషి. ఆర్.కె. పురంలో శేషగిరి గారి క్వార్టర్స్‌కి వెనక వీధిలోనే ఉండేవాడు. పాపయ్య భార్య నాగేంద్రమ్మ పెట్టిన ఆవకాయ ఏటా ఒక జాడీ శేషగిరి గారింటికి వచ్చేది, ఆయన దాన్ని ఏడాది పొడుగునా లొట్టలేసుకుంటూ తినేవారు. ఒక సంవత్సరం నాగేంద్రమ్మకి కడుపులో ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రివాళ్ళు కాగితాలివ్వడానికి పాపయ్యని తిప్పించుకున్నారు. ఆమెని చూసుకుంటూ, తిరుగుతూ, అతను బిల్లు పట్టుకొచ్చేసరికి గడువు కాస్త దాటింది.

కాస్త దాటితే పై అధికారి సడలించవచ్చని రూల్లోనే ఉంది. సడలించమని రెండు వాక్యాలు రాసి పైకి పంపాల్సింది శేషగిరి గారే. ఆ రెండు వాక్యాలు ఆయన కలంలోంచి రాలేదు.

“నేనేం చేస్తాను పాపయ్యా, రూల్ రూలే కదా. నువ్వు ముందే రావాల్సింది,” అన్నారు, ఫైలు కట్టేస్తూ.

ఆపరేషన్‌కి చేసిన అప్పు తీర్చడానికి పాపయ్య కొడుకు రవికిరణ్ కాలేజీ ఒక ఏడాది మానేసి సరోజినీ నగర్‌లో బట్టల కొట్టులో పనిచేశాడు. మరుసటి వేసవిలో ఆవకాయ జాడీ మళ్ళీ వచ్చింది. పాపయ్యకి మనసులో ఏమీ లేదనడానికి అదే రుజువని శేషగిరి గారు తీర్మానించుకుని, జాడీ ఖాళీ చేశారు.

అటువంటి మనిషి చేతిలో ఆయన కూతురు ప్రవల్లిక తన వ్యాపారం లెక్కలు పెట్టింది. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇడ్లీ, దోసెల పిండి రుబ్బించి ప్యాకెట్లలో అమ్మేది. హాస్టళ్ళలో తెలుగు పిల్లలు, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో తెలుగు కుటుంబాలు ఆమె ఖాతాదారులు. జీఎస్టీ రిటర్నులు మొదట ఒక కుర్ర సీఏ చూసేవాడు.

“నెలకోసారి రెండు మీటలు నొక్కడానికి వాడికి డబ్బు తగలెయ్యడం దేనికమ్మా? నేను లేనూ?” అన్నారు శేషగిరి గారు.

తండ్రికి కాలక్షేపం, తనకి ఇంట్లో శాంతి అనుకుని ప్రవల్లిక ఒప్పుకుంది. నెలనెలా ఆయన అడగ్గానే ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చదివి వినిపించేది, దేనికని అడిగేది కాదు. ఆమె చేసిన తప్పు అంతే. మిగతాదంతా ఆయన చేశారు.

ఒక ఫిబ్రవరిలో ఆమె పిండి నిలవ ఉంచడానికి కోల్డ్ రూమ్ కొన్నది. దాని మీద కట్టిన పన్ను పెద్ద మొత్తమే. ఆ మొత్తాన్ని, పిండి అమ్మకాల మీద తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటే అదే. అలా మిగిలే డబ్బుతో డెలివరీ వ్యాన్ కొనాలని ఆమె ఆశ. ఆ వ్యాన్ రంగు కూడా ఎంచుకుని పెట్టుకుంది.

బిల్లు శేషగిరి గారి బల్ల మీదికి వచ్చింది. వచ్చిన ప్రతి కాగితం మీదా ఏదో ఒక అభ్యంతరం లేవదీయకపోతే ఆయనకి అన్నం సయించదు. కోల్డ్ రూమ్ అమ్మినవాడు చిరునామాలో సెక్టారు రాసి బ్లాకు రాయలేదట. వివరణ కోరుతూ అతనికి ఉత్తరం రాశారు. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరో ఉత్తరం రాశారు. వేసవి పోయింది, వానలు పోయాయి, బిల్లు మాత్రం ఫైలు అట్టలోంచి కదల్లేదు.

దీపావళి వెళ్ళాక ప్రవల్లిక అడిగింది. “డాడీ, కోల్డ్ రూమ్ క్రెడిట్ తీసుకున్నారా? నవంబర్ థర్టీ లాస్ట్ డేట్ అంటున్నారు అందరూ.”

“అమ్మినవాడు ఆ బిల్లుని జీఎస్టీ పోర్టల్లో మన పేరు మీద ఎప్పుడో ఎక్కించాడు. గడువులోపల చేరింది కదా, ఇంకెక్కడికి పోతుంది? ప్రాసెస్‌లో ఉంది.”

“పక్కానా?”

“ముప్పై అయిదేళ్ళు గడువులతోనే కాపురం చేశానమ్మా. నాకు చెప్తావా?”

పోర్టల్లో బిల్లు కనబడటమే ఆయన దృష్టిలో ఇన్‌వార్డ్ ముద్ర. అది పడింది కాబట్టి హక్కు భద్రం. నవంబరులో వేసిన అక్టోబరు రిటర్న్‌లో ఆ బిల్లు ఊసే లేదు. చివరికి కోల్డ్ రూమ్‌వాడు విసుగొచ్చి బ్లాకు నంబరు రాసి పంపాడు. దాన్ని విజయగర్వంతో అట్టలో పెట్టి, నవంబరు నెల రిటర్న్‌లో క్రెడిట్ అడిగారు. నవంబరు నెల రిటర్న్ వేసేది డిసెంబరులో. పోర్టల్ అడ్డు చెప్పలేదు. చూశావా అన్నట్టు ఆయన కూతురి వైపు చూశారు. ఆమె ఆ ధీమాతో వ్యాన్‌కి అడ్వాన్సు కట్టింది.

వ్యాన్ చేతికి రాకముందే, మరుసటి ఏడాది మొదట్లో నోటీసు వచ్చింది. క్రెడిట్ గడువు దాటాక తీసుకున్నారు, వడ్డీతో సహా తిరిగి కట్టండి అని దాని సారాంశం. శేషగిరి గారు చిద్విలాసంగా నవ్వి, మూడు పేజీల నోట్ తయారుచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురిని వెంటబెట్టుకుని పన్నుల ఆఫీసుకి వెళ్ళారు.

అక్కడ అధికారిణి ప్రవల్లిక ఈడుది. నోట్ ఓపిగ్గా చదివి హిందీలో మొదలుపెట్టింది.

“అంకుల్‌జీ, బిల్లు మీకు ఎప్పుడు చేరిందన్నది ప్రశ్న కాదు. క్రెడిట్ అడుగుతూ రిటర్న్ ఎప్పుడు వేశారన్నదే లెక్క. అది నవంబర్ ముప్పైలోపు వెయ్యాలి. మీది డిసెంబర్‌లో పడింది.”

“కొద్ది రోజులే కదమ్మా. ఆలస్యాన్ని మన్నించమని రాశాను. మీరు పైకి పంపితే...”

“మన్నించే వీలు చట్టంలోని ఈ సెక్షన్లో లేదు సర్. ఉంటే తప్పకుండా పంపేదాన్ని.”

ఆ చివరి మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. పాపయ్య బిల్లు నాడు సడలించే వీలుంది, రాసే మనసు ఈయనకి లేదు. ఇక్కడ మనసున్న మనిషి దొరికింది, వీలు లేదు. చీపుగా ఉంటుందని ఆగారు గాని, లేకపోతే ఆయన అక్కడే ఏడ్చేసేవారు.

ప్రవల్లిక వ్యాన్ అడ్వాన్సు వెనక్కి తీసుకుని పన్ను, వడ్డీ కట్టేసింది. కుర్ర సీఏని మళ్ళీ పిలిచింది. రాత్రి అన్నాలప్పుడు, “వ్యాన్ లేదుగా, ఆర్.కె. పురం ప్యాకెట్లు మీరే తీసుకెళ్ళండి డాడీ,” అంది. ఆయన లక్ష్మీకుమారి వైపు చూశారు. “ప్రాసెస్‌లో పెట్టకుండా వెళ్ళండి,” అందావిడ.

అలా మాజీ సెక్షన్ ఆఫీసరు గారు ఐస్ డబ్బా భుజాన వేసుకుని, రెండు చోట్ల మెట్రో మారి, తను ఏలిన క్వార్టర్స్‌లో తలుపులు కొట్టడం మొదలుపెట్టారు. ఒక తలుపు తీసింది పాపయ్య. రవికిరణ్‌కి ఆలస్యంగానైనా ఉద్యోగం వచ్చి, అదే కాలనీలో క్వార్టర్స్ దొరికాయట. ముసలాళ్ళిద్దరూ కొడుకు దగ్గరే ఉంటున్నారు.

“శేసగిరి బాబే! మీరేటి బాబూ ఇలాగొచ్చినారు?” అంటూ పాపయ్య డబ్బా అందుకున్నాడు. లోపల్నుంచి నాగేంద్రమ్మ, “కూకోమను, కాఫీ ఎడతాను,” అంది.

శేషగిరి గారు కూర్చోలేదు. ఆయన గొంతుదాకా ఒక మాట వచ్చింది. నాడు రాయని రెండు వాక్యాల గురించి, నోరు విడిచి, తప్పయిందని చెప్పాలనుకున్నారు. ఈ మాటకి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు కదా, వచ్చేవారం చెబుదాంలే అనుకుని నోరు మూసుకున్నారు. బుద్ధి ఎక్కడికి పోతుంది.

పాపయ్య ప్యాకెట్‌ని వెలుతురులోకి పట్టుకుని, కళ్ళు చికిలించి, దాని మీద వేసిన తేదీ వెతికాడు. కొన్న ప్రతి వస్తువుకీ అలా చూడటం అతనికి ఆ బిల్లు పోయిన ఏడాది నుంచీ అలవాటు.

“తేదీ దాటిపోనేదు కదా బాబూ?”

“లేదు పాపయ్యా. ఇంకా ఉంది.”

“అయితే పుచ్చుకుంటాను. దాటిపోతే మీరు మాత్రం ఏటి సేత్తారు, రూలు రూలే కదా,” అని పాపయ్య నవ్వి, డబ్బులు తేవడానికి లోపలికి వెళ్ళాడు.