మగ్గాలు ఆగని దసరా

మా చిన్నప్పుడు... దసరా వచ్చిందని మాకు ముందు చెవులే చెప్పేవి. పామర్రు దగ్గర మా ఊళ్ళో మాది నేతగాళ్ళ వీధి. తెల్లారింది మొదలు ఇంటింటా మగ్గాలు టకటకమని ఆడుతూనే ఉండేవి. దసరా నాడు మాత్రం అన్నీ ఆగిపోయేవి. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పోగును అటూ ఇటూ తిప్పే నాడెను పీట మీద ఉంచి పూజ చేసేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో బూరెలు వేగే చప్పుడు కూడా పక్కింటికి వినపడేది...

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. ఆ ఏడు దసరాకు ముందు మా చెల్లి రత్తాలుకు విషజ్వరం వచ్చింది. ఇప్పుడు టైఫాయిడ్ అంటున్నారు. దానికి ఐదేళ్ళు, నాకు ఎనిమిది. లంఖణాలతో పిల్ల మంచానికి అంటుకుపోయింది.

పండగ దగ్గర పడ్డాక జ్వరం దిగింది. అమ్మయ్య అనుకునేలోగా, వైద్యం చేసే ఆచారిగారు గుమ్మంలో ఆగి చెప్పారు.

"జ్వరం దిగింది గానీ పేగు ఇంకా పచ్చిగా ఉందమ్మా. నేను పథ్యం పెట్టమనేదాకా జావే. గట్టి పదార్థం పడిందా... ఇక నన్ను పిలవనక్కర్లేదు."

నా గుండెలో అప్పుడు మొదలైన దడ ఇప్పటికీ ఆగలేదనుకోండి... ఎందుకంటే అంతకు ముందు ఏడు ఎదురింటి వీరయ్య తాత మనవడికి ఇలాగే జ్వరం దిగింది. పండగపూట పిల్లాడు ఏడుస్తుంటే చూడలేక, ఇంట్లోవాళ్ళే ఒక గారె ముక్క చేతిలో పెట్టారు. ప్రేమతోనే పెట్టారు... ఆ పిల్లాడు దక్కలేదు.

మా రత్తాలు చూస్తే బూరెల పిచ్చిది. "అక్కా, దసరా ఎప్పుడే? నాకు పెద్ద బూరె దాచవే" అని ఒకటే గొడవ. పండగని తెలిసిందా, అది ఏడుస్తుంది. అది ఏడిస్తే అమ్మ మనసు ఆగదు. తరవాత...? ఆ తరవాతది తలుచుకోడానికే నాకు భయం.

నానమ్మ ఈ సంగతి వీరయ్య తాతతో అంది. మా వీధిలో పెద్దమనిషి ఆయన. "పండగని దానికెలా తెలుస్తుంది వదినా? మగ్గాలు ఆగితేనేగా" అన్నాడు.

"అమ్మో! పూజ నాడు మగ్గం ఆడిస్తారా ఎవరన్నా? అమ్మవారికి కోపం రాదూ?"

"ఆవిడా పిల్లల తల్లేగా, కాస్త ఆగుతుందిలే. ఆగకపోతే ఆ కోపమేదో నా మీదే చూపించమను."

పండగ తెల్లారింది... నేను కళ్ళు తెరవకుండానే చెవులు రిక్కించాను. ముందు ఎదురింట్లో, టక్. వీరయ్య తాత మగ్గం. తరవాత పక్కింట్లో. ఆ తరవాత ఒక్కో ఇల్లూ... వీధి వీధంతా! నూలు కూడా లెక్కగా ఇచ్చే కంట్రోలు రోజులు కదా, చాలా ఇళ్ళల్లో నూలే లేదు. ఆ నూలు లేనివాళ్ళు కూడా ఉత్త మగ్గాల్లో కూచుని ఆడించారండీ... జానెడు గుడ్డ రాని నేత, మా చెల్లి చెవుల కోసం!

ఏ పొయ్యి మీదా మూకుడు ఎక్కలేదు. వీధిలో నూనె వాసన లేదు. ఏ పిల్లకీ కొత్త బట్ట తొడగలేదు.

"అక్కా, దసరా వచ్చిందా?"

"ఎక్కడే? మగ్గాలు వినపడట్లేదూ?" అన్నాను.

అది కాసేపు విని, ఊఁ కొట్టి, జావ తాగి పడుకుంది.

మధ్యాహ్నం బెజవాడ నుంచి మా మేనత్త దిగింది, బూందీ లడ్ల డబ్బాతో. "ఏమ్మా, పండగపూట ఈ టకటకలేంటి? మీ ఊళ్ళో దసరా రద్దయిందా?" అంటూనే లోపల మంచం మీద నిద్రపోతున్న రత్తాలును చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పుల్లలా అయిపోయిందే నా తల్లి! లేచాక ఒక్క పలుకు నోట్లో వేస్తే ఏమవుతుంది?" అని డబ్బా పట్టుకుని లోపలికి నడిచింది.

నేను రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అత్తకు ఎదురు నిలవడమంటే మాటలా!

"ఇదెవరే, దివాణం కాపలాదారు?" అంది అత్త.

ఈలోగా నానమ్మ వచ్చి డబ్బా లాక్కుంది. "ఒసేయ్, నీ ప్రేమ మూటగట్టి అటక మీద పెట్టు. చేతులు ఊరుకోకపోతే ఆ రాట్నం ముందు కూచుని నూలు కండెలు చుట్టు" అని, సంగతంతా చెవిలో చెప్పింది. అత్త పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రాట్నం ముందు కూచుంది. కళ్ళు తుడుచుకుంటూ, పొద్దు వాలేదాకా కండెలు చుట్టింది...

ఇక ఆచారిగారు పథ్యం పెట్టమన్న రోజు చూడాలి! పొద్దున్నే మగ్గాలన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. రత్తాలు మంచం మీద లేచి కూచుని, "అక్కా! దసరా!" అని అరిచింది.

పాత బియ్యం మెత్తగా వండి, బీరకాయ కూర, మిరియాల చారుతో నానమ్మ దానికి పథ్యం పెట్టింది. బూరె మాత్రం పెట్టలేదు సుమండీ... వేలి కొసతో చింతగింజంత పూర్ణం తీసి నాలుక మీద రాసింది. అది కళ్ళు మూసుకుని ఎంతసేపు చప్పరించిందో! మాకందరికీ ముందు శొంఠిపొడి, నెయ్యి కలిపిన అన్నం ముద్ద. అది మింగాకే బూరెలు. వీరయ్య తాత మా గుమ్మంలో నిలబడి రత్తాలునే చూస్తూ ఉండిపోయాడు. ఆయన చేతిలో బూరె చేతిలోనే చల్లారిపోయింది...

ఇప్పుడు విజయవాడలో, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. పండగంటే నాకు దిగులే. మనవలకు పొద్దున స్వీట్లు, మధ్యాహ్నం బిర్యానీ, రాత్రికి గ్యాస్ బిళ్ళలు. శొంఠి ముద్ద అంటే నవ్వుతారు. పక్క ఫ్లాట్‌లో ఎవరు జ్వరంతో పడుకున్నారో మాకు తెలీదు. అడిగితే ఏమనుకుంటారోనని అదొక భయం...

రత్తాలుకు ఎనభై దాటాయి. షుగరు కూడాను. ఇంకా ఆ వీధిలోనే ఉంటుంది. దసరా నాడు ఫోన్ చేసి, "అక్కా, బూరె తినొచ్చంటావా?" అని అడుగుతుంది.

"మగ్గాలు వినపడుతున్నాయా?" అంటాను.

"మగ్గాలెక్కడివే... అన్నీ తీసేశారుగా. ఎప్పుడు విన్నా నిశ్శబ్దమే."

"అయితే పండగే. చింతగింజంత తిను తల్లీ..."

మీ కోసం కూడా ఎవరైనా ఎప్పుడైనా పండగ ఆపుకున్నారా? ఉంటే చెప్పండి... చదివితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.