లిమ్ బామ్మ గుడిలో బూడిద

గురువారం సాయంత్రం శాన్ రామన్‌లో మా వంటింట్లోంచి నానిన చింతపండు వాసన వచ్చిందంటే, శుక్రవారం పూజకు అమ్మ ఇత్తడి సామాను తోమబోతోందని అర్థం. ఆ వాసన తగిలితే నేను ఇప్పటికీ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతాను.

నా చిన్నప్పుడు, ఈ దేశం వచ్చిన కొత్తలో, మేం సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. చైనాలో ఫుజియన్ తీరం నుంచి ఎప్పుడో చేపలు పట్టడానికి వచ్చిన హొక్కియెన్ వాళ్ళు తమ సముద్రపు తల్లికి కట్టుకున్న గుడి మా పక్కనే ఉండేది. అమ్మానాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా నన్ను కనిపెట్టుకుని ఉండేది ఆ గుడి చూసుకునే లిమ్ బామ్మే. చలికాలపు వానల్లో ఆమె కోటు జేబులో దూర్చుకున్న నా చేతులు, కళ్ళు మండించే అగరొత్తుల పొగ, వసంతంలో అమ్మవారి పుట్టినరోజుకు ఆవిరి మీద ఉడికించే తాబేలు అచ్చులో ఒత్తిన ఎర్రటి పిండి బిళ్ళలు, వాటిలో అచ్చం మన పూర్ణం లాంటి తీయని పెసరపప్పు ముద్ద, ఇవే నా బడి తర్వాతి సాయంత్రాలు.

అమ్మవారి ముందు బల్ల మీద పొగచూరిన ఇత్తడి ధూపపాత్ర ఉండేది. అది నిండితే బామ్మ పైపైన తీసేసేది గానీ అడుగు ముట్టేది కాదు. ఎందుకని అడిగితే తన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. "అడుగు బూడిద మా ముత్తాత తెచ్చాడు. మా ఊరి గుడి నుంచి, నడుముకు మూట కట్టుకుని, ఓడలో. బొమ్మ ఇక్కడ కొన్నాం. ఈ బూడిదే గుడి."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ తాళం అమ్మకిచ్చింది. రోజూ ఒక అగరొత్తి వెలిగిస్తే చాలంది. అమ్మకు చాలితే కదా! అమ్మవారి పండగ దగ్గరపడుతుంటే ఆ నల్లటి పాత్రను చూసి ఆమె ప్రాణం ఊరుకోలేదు.

"పాపం, ముసలావిడ ఒక్కత్తే ఎంతని చేసుకుంటుందే! వచ్చేసరికి సర్‌ప్రైజ్ చేద్దాం" అంది.

శనివారం పొద్దున్నే పాత్రను గుడి పెరట్లోకి తెచ్చి, మొక్కలకు బలమంటూ బూడిదంతా గులాబీల మొదట్లో బోర్లించి, తను చింతపండుతో తోముతూ హోస్ నా చేతికిచ్చింది. అడుగు బూడిద సంగతి నాకు తెలుసు. వద్దమ్మా అంటే చాలు, పని ఆగిపోయేది. కానీ ఆటా ఆగిపోయేది. అందుకే నోరు మూసుకుని, బూడిద మట్టిలో ఇంకిపోయేదాకా నీళ్ళు కొట్టాను.

చేతికర్రతో తిరిగొచ్చిన లిమ్ బామ్మ మెరుస్తున్న పాత్రలోకి తొంగిచూసి, "వెరీ క్లీన్, థాంక్యూ" అంది అమ్మతో. అమ్మ ఇంటికి వెళ్ళాక నన్ను అడిగింది, "ఎక్కడ?" గులాబీలు చూపించాను.

"నీకు చెప్పాను కదా" అంది.

వంగని మోకాలితో నేల మీద కూలబడి, తడిమట్టిని బిస్కెట్ డబ్బాలోకి గోకడం మొదలుపెట్టింది.

మట్టిలో కలిసింది ఇక పనికిరాదట, మళ్ళీ ఆ ముత్తాత ఊరి గుడి నుంచే బూడిద తేవాలట. ఆ ఊరి పేరు బామ్మతో సహా ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడు తాబేలు బిళ్ళలు చేయలేదు. స్థలం అమ్మేద్దామని కాచుకున్న బంధువులకు ఇది గుడి అని అడ్డుచెప్పడానికి ఆమె దగ్గర ఇక ఆ బూడిద లేదు. ఇప్పుడక్కడ కార్లు పార్క్ చేస్తున్నారు. లిమ్ బామ్మ కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడే పోయింది. పసిదాన్ని, నాకేం తెలుసని సర్దిచెప్పుకోబోయాను గానీ, తొమ్మిదేళ్ళు అంత పసితనమేమీ కాదు.

మొన్న ఇంటికొచ్చిన ఆంటీలతో అమ్మ మురిసిపోతూ చెబుతోంది. "మేం చైనా వాళ్ళ గుడికి కూడా సేవ చేశామండీ. ఆవిడెంత సంతోషపడిందో! కావాలంటే మా అమ్మాయిని అడగండి."

అందరూ నావైపు తిరిగారు.

"అవునాంటీ, నీళ్ళు కొట్టింది నేనే" అన్నాను.