ఆసక్తి తగ్గినవాళ్లు

"ఈ వారం మీ బిడ్డ మీ గొంతు వినగలదు" అని మీటింగ్ మధ్యలో ఫోన్లో మెసేజ్ వచ్చింది. లెక్కలమ్మ ఫోన్ బోర్లా పెట్టింది. కడుపు పోయి అప్పటికి మూడు వారాలు.

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలుస్తారు. కొత్త సరుకును ఎంతమంది కొంటారో, ఎక్కడ బెడిసికొడుతుందో కంపెనీలకు చెప్పడం ఆమె పని. ఈసారి సరుకు నెలసరి తేదీలు గుర్తుపెట్టే యాప్. అమ్మకానికి ముందు కొందరు ఆడవాళ్ల ఫోన్లలో వేయించి చూస్తున్నారు. తనూ ఆ గుంపులో చేరింది. నెల తప్పగానే ఇంట్లోవాళ్లకన్నా ముందు దానికే చెప్పింది.

కడుపు పోయిన సంగతి చెప్పడానికి మాత్రం అందులో చోటు లేదు. "ప్రసవం అయిందా?" అనే బటన్ ఒక్కటే ఉంది. ఒకసారి నొక్కి చూసింది. ఆడా, మగా అని అడిగింది.

"తీసి పారెయ్ వదినా," అంది ఆడపడుచు. "రోజూ నీ చేత్తో నువ్వే పొడుచుకుంటావా?"

"తీసేస్తే, ఇష్టం లేక మానేసినవాళ్లలో రాసేస్తారే నన్ను."

యాప్ తీసేసినవాళ్లందరినీ 'ఆసక్తి తగ్గినవాళ్లు' కింద వెయ్యడం వాళ్ల ఆఫీసు పద్ధతి. ఆ పేరు పెట్టింది లెక్కలమ్మే. అప్పటికి ఇరవై మూడు మంది. మర్నాటి నుంచి వాళ్లకు మళ్లీ ఫోన్లు మొదలుపెట్టింది.

"మళ్లీ నువ్వేనా తల్లీ? పోయినసారే తీసేశానని చెప్పాను కదా," అందొక టైలరమ్మ. ఎందుకు తీసేశారని అడిగేసరికి కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "నాకు ఐదో నెలలో పోయింది. అది వారం వారం శుభాకాంక్షలు చెప్తూనే ఉంది. ఎన్నిసార్లని వింటాను?"

"అప్పుడు చెప్పలేదేం అక్కా?"

"నువ్వు అడిగితే కదా. తీసేశారా అన్నావు, తీసేశానన్నాను. టిక్కు కొట్టుకుని పోయావు."

నాకూ పోయింది అక్కా అనబోయి మానేసి, లెక్కలమ్మ ఆమె చెప్పింది రాసుకుంది.

ఇరవై మూడు మందిలో తొమ్మిది మందిది అదే కథ.

వాళ్ల గురించి ఆమె రిపోర్టులో రాసిన పేజీని మేనేజరు రెండుసార్లు చదివాడు. "రిస్కుల కింద మనం రాసేది సమాచారం బయటికి పొక్కడం, తేదీ తప్పడం లాంటివి. ఇది మరి..." ఆగి, ఆమె మొహం చూశాడు. "సర్లే, పంపిద్దాం."

వారానికి యాప్ కంపెనీ నుంచి జవాబొచ్చింది. తొమ్మిది మంది కోసం కడుపు పోయిందని చెప్పే బటన్ పెడితే, కొత్తగా కొనేవాళ్లు జడుసుకుంటారట. వచ్చే ఏడాది చూద్దామన్నారు. చివరి అంకెలు మాత్రం వెంటనే కావాలన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె తన ఫోన్లోంచి యాప్ తీసేసింది. అంకెలు సరిచేసి పంపింది. ఆసక్తి తగ్గినవాళ్లు: ఇరవై నాలుగు.