మంచు పడిన రాత్రి, వెనక గోడ మీద చప్పుడు

ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. పదకొండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. రోగి రాత్రి ఎన్నిసార్లు దగ్గాడో కూడా రాసిపెట్టే ఉద్యోగం మాది. లేనిది కల్పించడం నాకు చేతకాదు. ఆ రాత్రి విన్నది విన్నట్టు, చేసింది చేసినట్టు చెబుతాను. అదేమిటి అని మాత్రం అడగొద్దు... నాకూ తెలియదు.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఒమన్ వచ్చాక రెండేళ్ళు మస్కట్ పక్కన అల్ హైల్‌లో ఉన్నాను. అక్కడ డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను వేసుకోవాల్సిందే. అలాంటిదాన్ని, చలికాలం మొదలవుతుండగా, జబల్ షమ్స్ కొండ మీది ఒక చిన్న హెల్త్ సెంటర్‌కి వేశారు. నిజ్వా పట్నం దాటాక ఇంకా పైకి, పైపైకి పోవాలి. చెవులు మూసుకుపోతాయి. అక్కడ స్టాఫ్ నలుగురమే. డాక్టరుగారు, నేను, శుభ్రం చేసే ఓబులమ్మ, వాచ్‌మన్ ఖమీస్.

ఓబులమ్మది రాయచోటి వైపు. నాకన్నా పదేళ్ళు పెద్దది. గల్ఫ్‌కి వచ్చి పన్నెండేళ్ళయింది. ఆమే నేనూ సెంటర్ వెనకున్న క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఒకటే గది. మూల కరెంటు స్టవ్. ఒక పక్కన బాత్‌రూమ్. ముందువైపు బయటికి తెరుచుకునే ఇనుప తలుపు, దాని పక్కన ఊచల కిటికీ. కొండని తొలిచి చదును చేసి కట్టిన గది కావడంతో వెనక గోడ రాతిని ఆనుకుని ఉంటుంది. గోడకీ రాతికీ మధ్య నా అరచెయ్యి కూడా దూరదు.

ఖమీస్ ఆ కొండ మీదే పుట్టిన మనిషి. వయసు అరవై దాటింది. హిందీ బాగానే మాట్లాడేవాడు. నేను వచ్చిన వారానికే కూర్చోబెట్టి చెప్పాడు. ఇక్కడ మంచు ప్రతి ఏడూ పడదట. కొన్నేళ్ళపాటు అసలు రాదు, వచ్చిన రాత్రి మాత్రం సిద్ధంగా లేనివాళ్ళు ఇబ్బంది పడతారట. నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకో. పైపులకి గోనెసంచులు చుట్టు. కుళాయి సన్నగా కారేట్టు ఉంచు. పార గదిలోపలే పెట్టుకో. బొగ్గుల కుంపటి మాత్రం లోపల వెలిగించకు. ఈ చివరి మాట రెండుసార్లు అన్నాడు. నేను నవ్వాను. నర్సుని, నాకు తెలియదా అన్నాను.

ఇక చూడండి, నా హడావిడి. మంచు అనేది ఫోనులో తప్ప చూడలేదాయె. సెలవు రోజున నిజ్వా వెళ్ళి రెండు మందపాటి రగ్గులు, ఉన్ని మేజోళ్ళు, టార్చిలైటు, వెడల్పాటి టేపు చుట్టలు నాలుగు కొన్నాను. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేసేది. రాత్రంతా అదే ఈల. కిటికీ చుట్టూ మూడు వరసలు టేపు అంటించాను. తలుపు కింద పాత రగ్గు మడిచి కుక్కాను. స్టూలెక్కి, బాత్‌రూమ్‌లో పైన ఉన్న గాలి కన్నంలో దుప్పటి దూర్చాను. ఈల ఆగిపోయింది. గది డబ్బాలాగా బిగిసింది. గర్వంగా ఫోటో తీసి మా చెల్లికి పంపాను.

ఓబులమ్మ మాత్రం, ఫ్రిజ్జులో గీరి పారేసేదానికి ఇంత సంబరమా అని నవ్వింది.

జనవరిలో ఒక గురువారం. డాక్టరుగారు రెండు రోజుల సెలవుకి నిజ్వా దిగిపోయారు. మధ్యాహ్నానికి ఆకాశం విరిగిన పాలలా అయింది. తర్వాత వాన. ఆ వానలో వడగళ్ళు. నీళ్ళ ట్యాంకు మీద టపటపా ఒకటే మోత. కింద పోలీసులు రోడ్డు మూసేశారని, మేకల్ని చూసుకోవాలని చెప్పి ఖమీస్ ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఊరు అరమైలు దూరం ఉంటుంది. పొద్దున్నే వస్తానన్నాడు.

ఏడింటికి కరెంటు పోయింది. హీటర్ చల్లారింది. కాసేపటికి ఫోనులో సిగ్నల్ కూడా పోయింది. ఓబులమ్మకి రెండు రోజులుగా జ్వరం.

అప్పుడు... వడగళ్ళ మోత ఆగింది. ఒక్కసారిగా ఆగింది. వాన పడితే చప్పుడుంటుంది కదా. మంచుకి ఉండదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. టార్చి వేసి కిటికీలోంచి చూశాను. తెల్లగా... మెల్లగా... పైనుంచి రాలుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, మొదట సంతోషమే వేసింది. ఓబులమ్మని లేపి చూపించాను. చూసి, మళ్ళీ రగ్గులోకి ముడుచుకుంది.

పదింటికి ఆమె ఒళ్ళు కాలిపోతోంది. సెంటర్‌లోంచి మాత్రలు తెద్దామని గడియ తీశాను. తలుపు కదల్లేదు. భుజంతో నెట్టాను. కదల్లేదు. కాలితో తన్నాను. ఇనుము మోగింది, అంతే. సందుల్లోకి దిగిన వాననీరు గడ్డకట్టింది. దాని మీద గాలి తోసుకొచ్చిన మంచు నడుమెత్తున పేరుకుంది. ఇది పొద్దున తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒకటే. పార నా చేతిలో ఉంది... మంచు అవతల ఉంది.

కిటికీకి ఊచలు. వెనక కొండ. ఎంత అరిచినా ఊళ్ళోకి వినపడదు. అయినా అరిచాను. నా గొంతు గదిలోనే తిరిగి నా చెవుల్లోకే వచ్చింది. గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. కూర్చున్నాను. లేచాను. మళ్ళీ తలుపు నెట్టాను. ఎన్నిసార్లు నెట్టానో లెక్కలేదు.

ఓబులమ్మ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "సిస్టరమ్మా, నేను తట్టుకోల్యాను. ఏదో ఒకటి చెయ్యి" అంది. ఆ మనిషి అంతవరకు నన్ను ఏదీ అడిగి ఎరగదు.

స్టవ్ కింద ఆమె సాంబ్రాణి వేసుకునే ఇనుప కుంపటి ఉంది. పక్కనే బొగ్గుల సంచి.

తెలుసు. నాకు తెలుసు. అరగంట మాత్రం... ఆమె చేతులు వెచ్చబడగానే నీళ్ళు పోసేస్తాను అనుకున్నాను. గది ఎంత బిగించానో ఆ క్షణంలో నా తలలోకి రాలేదు. ఈ రోజుకీ ఆ తప్పు నాదే.

బొగ్గులు ఎర్రబడ్డాయి. వెచ్చగా ఉంది. ఓబులమ్మ వణుకు తగ్గింది. నేను వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. తల కొంచెం బరువుగా ఉంది. చలికేమో అనుకున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఐదు నిమిషాలు... ఐదే నిమిషాలు...

టక్... టక్... టక్.

వేళ్ళ కణుపులతో కొట్టినట్టు. తొందరేమీ లేదు. నా వీపు వెనకే. గోడలోంచి ఆ అదురు నా వెన్నుకి తగిలింది.

పట్టించుకోలేదు. నిద్ర అంత తియ్యగా ఉంది.

టక్... టక్... టక్.

తర్వాత గొంతు. ఆడగొంతు. పెద్దావిడ. గట్టిగా కాదు, పక్క మంచం మీంచి పలకరించినట్టు.

"అమ్మాయ్... లే."

మా కోనసీమ యాస. అచ్చం మా వైపు. నాకు భయం వెయ్యలేదు. అదే విచిత్రం. ఎవరో పేషెంటు వచ్చారనుకున్నాను. డ్యూటీ బుద్ధి కదా. తలుపు రావడం లేదండీ, ముందువైపుకి రండి అన్నాను. అన్నట్టు నాకు బాగా గుర్తు.

బొగ్గు చిటపట. ఓబులమ్మ గురక... ఆ గురక కూడా సరిగ్గా లేదు, లాగి లాగి వస్తోంది. ఆ సంగతి వింటున్నాను, కానీ ఎవరి గురించో అన్నట్టుంది.

"కిటికీ తియ్."

నాకు విసుగొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరండీ మీరు, నన్ను పడుకోనివ్వండి అన్నాను. మళ్ళీ గోడ మోగింది. ఈసారి నా తల వెనకే. కొత్త నర్సు కునికితే వార్డు సిస్టర్ బల్ల మీద కొట్టి లేపుతుందే... అలాగ.

లేవబోయాను. కాళ్ళు లేవు. ఉన్నాయి, నావి కావు. బోర్లా పడ్డాను. మోచేతుల మీద పాక్కుంటూ పోయాను. ఎనిమిదడుగుల గది అది. దాటుతుంటే ఎంతసేపటికీ కిటికీ రాదు. ఊచలు పట్టుకుని మోకాళ్ళ మీద లేచాను. టేపు గోళ్ళతో గీకాను. రాలేదు. మూడు వరసలు నేనే అంటించాను కదా. పార అందుకుని, దాని కాడని ఊచల మధ్యలోంచి అద్దం మీద పొడిచాను. ఒకసారి. రెండోసారి. మూడోసారికి పగిలింది.

గాలి... ముఖం మీద చరిచినట్టు తగిలింది. వాంతి అయింది. కిటికీ కిందే పడి ఉన్నాను.

అప్పుడు మళ్ళీ. అదే గొంతు. అంతే నెమ్మదిగా.

"రెండోది కూడా."

రెండోది ఏమిటి? గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. రెండోది లేదండీ అన్నాను. అలా పడుకునే ఆలోచించాను. ఎంతసేపటికో... బాత్‌రూమ్‌లో దుప్పటి గుర్తొచ్చింది. అది కుక్కిన సంగతి నేనే మరిచిపోయాను. గోడ పట్టుకుని పోయి, స్టూలెక్కి లాగేశాను. గాలి ఆ చివర నుంచి ఈ చివరకి దూసుకుపోయింది. డ్రమ్ములో నీళ్ళు ముంచి బొగ్గుల మీద పోశాను. ఓబులమ్మని చంకల కింద పట్టుకుని కిటికీ దగ్గరికి ఈడ్చాను. నాడి ఉంది. పిలిస్తే పలకలేదు. చెంపల మీద కొట్టాను. చాలాసేపు కొట్టాను. చివరికి "అమ్మా" అని మూలిగింది. ఏడ్చేశాను.

తర్వాత వెనక గోడ దగ్గరికి వెళ్ళి, ఎవరండీ అని అడిగాను. చెవి ఆనించాను. గోడ మంచుముక్కలా ఉంది. ఏమీ లేదు... ఏమీ లేదు... తర్వాత ఒక చప్పుడు. తడిసిన రగ్గుని రాతి మీద ఈడుస్తున్నట్టు. కిందకి కాదు. పైకి. గోడ వెంట పైకి పోయి, కప్పు దాటి, ఇంకా పైకి... ఆగిపోయింది. మంచు జారిన చప్పుడే అయ్యుండొచ్చు. కానీ మంచు పైకి జారదు కదా.

తెల్లారేదాకా పగిలిన కిటికీ దగ్గర ఇద్దరం రగ్గులు కప్పుకుని ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. అక్కడ గడ్డకట్టే చలి. వెనక్కి జరుగుదామంటే ఆ గోడ. వచ్చిన కీర్తనలన్నీ పాడాను. మధ్యలో మాటలు మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి పాడాను.

తొమ్మిదింటికి ఖమీస్ మరో ఇద్దరిని తీసుకొచ్చాడు. మరిగే నీళ్ళు పోసి, గునపంతో ఐసు పగలగొట్టి తలుపు లాగారు. రాత్రి ఎవరైనా వచ్చారా అని అడిగాను. అతను వెనక్కి వెళ్ళి చూసి వచ్చాడు. గోడకీ రాతికీ మధ్య సందు నిండా మంచు నున్నగా నిండి ఉందట. పిల్లి పట్టే చోటు కూడా కాదన్నాడు. జరిగింది చెప్పాను. అతను ఒక్క మాట అడిగాడు, పేరు పెట్టి పిలిచిందా అని. లేదు, అమ్మాయ్ అంది అన్నాను. "అయితే నాకు తెలియదు" అన్నాడు. పేరు పెట్టి పిలిస్తే ఏమయ్యేదో నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

రోడ్డు తెరిచాక డాక్టరుగారు వచ్చి ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. బొగ్గు పొగ విషం తలకెక్కితే లేని మాటలు వినపడతాయని చెప్పారు. దుప్పటి సంగతి నా మనసుకి ఎక్కడో గుర్తుండే ఉంటుంది, అదే గొంతయి పలికిందన్నారు. ఆ మాట పట్టుకుని హాయిగా ఊపిరి తీసుకున్నాను. నర్సుని కదా, నాకు నచ్చింది. పది రోజులు అలాగే నమ్మాను.

పదకొండో రోజు సాయంత్రం ఎండలో కూర్చుని టీ తాగుతున్నాం. ఓబులమ్మ కోలుకుంది. ఉన్నట్టుండి అడిగింది.

"సిస్టరమ్మా, ఆ రేత్రి నువ్వు ఎవురితో మాట్లాడ్తాంటివి?"

గోడ అవతలి గొంతు నీకూ వినపడిందా అన్నాను.

"గోడ అవతల నుంచి నాకేం వినపళ్ళా. కండ్లు తెరుచుకోలేదు గానీ, నీ మాటలు మాత్రం ఇంటాండా."

నేనేమన్నానో చెప్పమన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఏమో... నాకు అర్థమైతే గదా. అది తెలుగు గాదు. అరబ్బీ గాదు, హిందీ గాదు. పన్నెండేండ్లు ఈడుండా, అట్లా బాస యాడా ఇన్లా. నువ్వు మాత్రం పుట్టినకాన్నుంచి అదే మాట్లాడేదాని మాదిరి గడగడా మాట్లాడ్తాంటివి."

ఆమె కూడా ఆ పొగే పీల్చింది. నా తలకెక్కిన విషమే ఆమె తలకీ ఎక్కి ఉంటుంది. అలాగే అనుకుంటాను. అలా అనుకోకపోతే నిద్ర పట్టదు. కానీ తలుపు రావడం లేదండీ... ఎవరండీ మీరు... రెండోది లేదండీ... ఆ రాత్రి నేనన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. ప్రతి మాటా తెలుగులోనే గుర్తుంది.