ఓనర్ రిస్క్ కొమురెల్లి

కొమురెల్లికి లోకంలో ఒకే ఒక్క శత్రువు. వాడు మనిషి కాదు, బోర్డు. "మీ వస్తువులకు మీరే బాధ్యులు" అని రాసి ఉండే బోర్డు.

కాలికి బలపం కట్టుకుని దేశం తిరిగినవాళ్లకు తెలుసు. ఊరు మారితే భాష మారుతుంది, తిండి మారుతుంది, ఆఖరికి నీళ్ల రుచి కూడా మారుతుంది. ఈ బోర్డు మాత్రం మారదు. సత్రంలో అదే, సెలూన్లో అదే, సైకిల్ స్టాండులో అదే. జనం దాన్ని గోడకు పట్టిన బూజును చూసినట్టు చూసి పోతారు. కొమురెల్లి ఆగుతాడు. కళ్లద్దాలు తుడుచుకుంటాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరికీ శాంతి ఉండదు.

ఒకసారి గుడి ముందు చెప్పుల స్టాండులో ఇట్లాగే ఆగాడు.

"చెప్పులు పోతే నీది బాధ్యత కాదని రాసినవ్. మరి టోకెన్ ఎందుకిచ్చినవ్?"

"గుర్తుకు సార్."

"ఏం గుర్తుకు? పోయిన చెప్పులను యాది చేసుకొని ఏడ్వనీకా?"

ఆ రోజు చెప్పులు విప్పకుండా రోడ్డు అవతలి నుంచే దండం పెట్టి వచ్చాడు. ఆ దండం కూడా దేవుడితో తగాదా పెట్టుకున్నట్టే ఉందని ఆయన భార్య యాకమ్మ చెబుతుంది.

ఈ కథలన్నీ వినోదకు కంఠతా వచ్చు. హనుమకొండ సుబేదారిలో కొమురెల్లి ఇంటి కింది షట్టరే ఆమె ఫోటో స్టూడియో. పదేళ్లుగా పొద్దున్నే షట్టర్ చప్పుడు, దాని వెంటనే పై నుంచి కొమురెల్లి కాక తిట్లు. ఏది ముందో ఏది వెనకో ఆమెకే తెలియనంతగా కలిసిపోయాయి.

కొమురెల్లి కాజీపేట జంక్షన్లో ముప్పై నాలుగేళ్లు పార్శిల్ క్లర్కు. అక్కడ ఆయన చేతిలో రెండు ముద్రలుండేవి. సామాను పోతే రైల్వే జవాబు చెప్పుకునేది 'రైల్వే రిస్క్'. పోతే పోయినట్టే అనుకునేది 'ఓనర్ రిస్క్'. రిటైరైనా ఆ ముద్రలు ఆయన్ని వదల్లేదు. పిల్లకు వచ్చిన సంబంధం ఎట్లుందని ఎవరైనా సలహా అడిగితే, పెళ్లికొడుకును నఖశిఖపర్యంతం చూసి "ఓనర్ రిస్క్" అనేసి వచ్చేస్తాడు.

పార్శిల్ ఆఫీసు నుంచి తెచ్చుకున్న జబ్బు ఇంకొకటుంది. పైన కట్టిన లేబుల్ ఊడిపోయినా మూట ఎవరిదో తెలియాలని, లోపల కూడా ఒక లేబుల్ వేసేవారట. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఆయన అదే చేస్తాడు. పైనొకటి, లోపలొకటి. మామిడికాయ పచ్చడి జాడీలో వేసిన లోపలి లేబుల్ మూడు నెలలు ఊరింది. ఒక మధ్యాహ్నం ఆయనే దాన్ని టెంక అనుకుని చాలాసేపు చప్పరించాడు.

వినోద కెమెరా సంచీ భుజాన వేసుకుంటే చాలు, ఆయన మెట్ల మీద ప్రత్యక్షం.

"ఏ సామాను ఎటు పోతాంది?"

"పెండ్లికి పోతాంది కాక."

"నంబరేంది?"

"ఏ నంబరు?"

"కెమెరా నంబరు! పెండ్లికొడుకు మేనత్త పేరు యాదుంటది గని, అన్నం పెట్టేదాని నంబరు యాదుండదా?"

చలికాలంలో ఒక పొద్దున ఏవో కాగితాలు పట్టుకొచ్చి గల్లా మీద పరిచాడు. "సంతకం పెట్టు."

"ఎందుకు కాక?"

"చదువు! చదవకుండ సంతకం పెట్టినోడు బాగుపడ్డడా?"

బయట పాస్‌పోర్టు ఫోటోలకు నలుగురు నిలబడ్డారు. వినోద కాగితం కళ్ల ముందు పెట్టుకుని, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి, చదివినట్టు తలూపి, నాలుగు చోట్ల గీకేసింది. కాక నోరు మూతపడుతుందంటే ఆమె దేని మీదైనా సంతకం పెడుతుంది.

ఎండలు ముదిరే వేళకు ఆమెకు మంచి బేరం తగిలింది. పెళ్లికి ముందే పెళ్లి ఫోటోలు దిగే ఆచారం ఇప్పుడు ఊరూరా ఉంది గదా, దానికి పడవ తప్పనిసరి. వెనకటికి పడవ ఎక్కితే ఏరు దాటేవాళ్లు. ఇప్పుడు ఎక్కిన రేవులోనే దిగడానికి ఎక్కుతున్నారు. అనిల్, పూజ అనే కాబోయే జంట చెరువు మీద ఫోటోలు కావాలన్నారు. "పుట్టి బుద్ధెరిగి పడవెక్కలే బిడ్డా, నన్నూ తీస్కపో" అంది యాకమ్మ. వినోద సరే అంది. యాకమ్మ వెనకాలే కొమురెల్లి కూడా కారెక్కుతాడని ఆలోచించకపోవడం ఆమె తప్పే.

టికెట్ కిటికీ దగ్గరే మొదలైంది. టికెట్ ఇచ్చే రాజమౌళి మెత్తటి మనిషి.

"పడవకు ఇన్సూరెన్స్ ఉన్నదా?"

"ఉంది సార్."

"ఎక్కే మనిషికి?"

"టికెట్లనే ఉంది సార్."

"మనిషి చేతిల సంచికి?"

"దానికి లేదు సార్. మీ వస్తువులకు మీరే..."

"ఆపు!" కిటికీ అద్దం అదిరింది. "పడవ మునిగితే కొత్త పడవొస్తది. మనిషి మునిగితే ఇంటికి పైసలొస్తయి. కెమెరా మునిగితే మాత్రం అది చేసుకున్న పాపమా?"

వెనక వరస పెరిగింది. "ఓ పెద్దమనిషీ, జర జరుగుండ్రి!" అని ఎవరో అరిచారు.

"జరుగ! మీ చేతుల ఫోన్లు ఎవల రిస్కు? మీకోసమే కొట్లాడుతాన్న!"

వరసంతా ఒకసారి తమ ఫోన్ల వైపు చూసుకుంది. మళ్లీ ఇంకా గట్టిగా అరిచింది.

వినోదకు ఒళ్లు మండిపోయింది. "కాక, ఎండ పోతాంది! గీ వెలుగు మళ్ల రాదు!"

"పోనీ. ఎండకు ఇన్సూరెన్స్ లేదు."

జేబులోంచి కార్బన్ పేపరుతో సహా కాగితాలు తీసి అక్కడే లిస్టు మొదలుపెట్టాడు. కెమెరా ఒకటి, నంబరు. లెన్సులు రెండు, నంబర్లు. స్టాండు ఒకటి. పెళ్లికూతురు చేతిలో ప్లాస్టిక్ పూలగుత్తి ఒకటి. సర్వపిండి డబ్బా ఒకటి, మూత వదులు.

"నన్ను గూడ రాస్తవా?" అంది యాకమ్మ.

"నువ్వు సామాను కాదే!"

"గిన్నేండ్ల సంది మోస్తాన్న అని చెప్తవ్ గద, అనుకున్న."

లిస్టు మీద రాజమౌళి సంతకం పెట్టాడు. చాలదు, ముద్ర కావాలన్నాడు కొమురెల్లి.

"నా దగ్గర ఉన్నది పిల్లల హాఫ్ టికెట్ ముద్ర ఒక్కటే సార్!"

"కొట్టు!"

కొట్టాడు. వరస చప్పట్లు కొట్టింది. వినోద సిగ్గుతో, కోపంతో తల ఎత్తకుండా పడవెక్కింది.

చెరువు నడుమకు వెళ్లాక ఐదు నిమిషాలు అంతా బాగుంది. ఆరో నిమిషంలో అనిల్‌కు వీరత్వం పుట్టింది. పూజను రెండు చేతుల మీద ఎత్తుకుని గిర్రున తిరిగాడు. ఆమె మడమ పోయి స్టాండుకు తగిలింది. స్టాండు, కెమెరా, దానికున్న పెద్ద లెన్సు అన్నీ కలిసి ఒకే ఒక్క చప్పుడు చేశాయి. బుడుంగు.

పడవ నడిపేవాడు దూకి, నాలుగు మునకలేసి కెమెరాను పైకి తెచ్చాడు. దాంట్లోంచి నీళ్లు కారాయి, చిన్న చేపపిల్ల ఒకటి కారింది, బతుకు మాత్రం కారిపోయి చాలాసేపైంది. మూడు వారాల్లో ఏడు పెళ్లిళ్లు ఒప్పుకుంది వినోద. ఇంకో కెమెరా లేదు. కొనే దారీ లేదు.

ఆమె కోపం అనిల్ మీదికి పోలేదు. నేరుగా కొమురెల్లి మీదికి పోయింది.

"నీ నోరే! పొద్దటి సంది మునుగుతది, మునుగుతది అని శపించినవ్! పో, నీ లిస్టుల కొట్టెయ్యి! కెమెరా ఒకటి, మునిగింది అని రాస్కో!"

కొమురెల్లి లిస్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. హనుమకొండ వచ్చేదాకా దారిలో మూడు బోర్డులు తగిలినా తల తిప్పలేదు. యాకమ్మ భయపడి ఆయన నుదురు పట్టుకు చూసింది, జ్వరమొచ్చిందేమోనని.

సాయంత్రం షట్టర్ సగం దించుకుని కూర్చున్న వినోద దగ్గరికి యాకమ్మ సర్వపిండి డబ్బాతో వచ్చింది. తిను అనలేదు. ఓ ముక్క తుంచి చేతిలో పెట్టింది.

"మీ కాక నౌకర్ల చేరిన కొత్తల, ఒకామె కుట్టు మిషను పార్శిల్ ఏసింది. తక్కువ కిరాయిల పోతదని ఈనె అడగకుండనే ఓనర్ రిస్క్ ముద్ర కొట్టిండు. మిషను యాడ దిగిందో, ఎవల పాలైందో. ఆమె రోజొచ్చి కిటికి కాడ నిలబడేది. ఒక్క తిట్టు తిట్టలే. రూలు ప్రకారం ఈనె తప్పు లేదు. అదే ఈనె కోపం."

"ఆమె ఏమైంది మరి?"

"ఏమైతది? మా అవ్వగారింటోళ్లు పెట్టిన నా మిషను తీస్కపోయి ఆమెకిచ్చిండు. గప్పటి సంది నా జాకెట్లు బయటనే కుట్టిస్తాన్న. ఒక్కటి సుత సరిగ కుదురలే." అని జబ్బ దగ్గర బిగుతును చూపించి నిట్టూర్చింది.

మర్నాడు పొద్దున్నే కొమురెల్లి మెట్లు దిగాడు. చంకలో ఫైలు. "ఆటో ఎక్కు" అన్నాడు. పాత కోపం తిరిగొచ్చింది. వినోదకు ఎందుకో ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆటో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు ముందు ఆగింది. లోపల తిరుమల అనే ఆఫీసరమ్మ కొమురెల్లిని చూడగానే కుర్చీలోంచి సగం లేచింది. వెనక గదిలో మేనేజరు తలుపు దానంతటదే మూసుకుంది.

"వినోద అంటే మీరేనా? మీ పాలసీ కోసం ఈ సార్ తొమ్మిదిసార్లు వచ్చిండమ్మా. మా దాంట్ల నీళ్ల మీద పోయే సామానుకు వర్తించదని ఉంటే, ఇక్కడ బైఠాయించిండు. హైదరాబాద్ దాకా ఉత్తరాలు రాసి, ఈ లైను కలిపిచ్చిండు."

చూపించింది. వినోద కెమెరా, లెన్సులు, నంబర్లు. కింద ప్రత్యేకంగా టైపు చేసిన వాక్యం: "విహార పడవలు, తెప్పలు, పుట్టీలతో సహా." ఆ కింద వినోద సంతకం, ఇరవై దాకా లెక్కపెట్టి గీకింది.

"పడవలని నీకెట్ల తెలుసు కాక?"

"ఎప్పటికైన పడవ మీద ఫోటోలు తీస్తనని నిరుడు నువ్వే చెప్పలే? చెప్పి మర్సిపోతరు. రాసుకునేది నేను!"

తిరుమల గొంతు సవరించుకుంది. "అన్నీ బాగనే ఉన్నయి. గని కెమెరా ఆ రోజు పడవల ఉన్నట్టు రుజువు కావాలె."

కొమురెల్లి ఆ క్షణం కోసమే ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసినట్టున్నాడు. ఫైలు విప్పి లిస్టును బల్ల మీద పరిచాడు. తిరుమల ఒక్కొక్కటే చదివింది. "సర్వపిండి డబ్బా, మూత వదులు... సార్, ఈ పిల్లల హాఫ్ టికెట్ ముద్ర ఏంది?"

"ముద్ర ముద్రే! నీళ్లల్ల పడ్డది మాత్రం ఫుల్లు!"

మొదటి పెళ్లికి అరువు కెమెరాతోనే వెళ్లింది వినోద. రెండో పెళ్లి నాటికి ఇన్సూరెన్స్ డబ్బుతో కొత్తది చేతికొచ్చింది. పైనొక లేబుల్, సంచీ లోపలొక లేబుల్ తానే కట్టుకుంది. ఆ వారమే స్టూడియో గోడకు ఒక బోర్డు కూడా రాయించింది: "ఇక్కడ పెట్టిన మీ వస్తువులకు మేమే బాధ్యులం."

కొమురెల్లి దాని ముందు ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ముఖంలో ఏదో మెత్తబడబోయింది, అంతలోనే గట్టిపడింది.

"మేమే అంటే ఎవలు? పేరు లేని బాధ్యత గూడ బాధ్యతనా?"

వినోద సుద్దముక్క అందించింది. ఆయన బోర్డు కింద పెద్ద అక్షరాలతో రాశాడు: "కొమురెల్లి, రిటైర్డ్ పార్శిల్ క్లర్కు. పక్క మెట్లెక్కి పైకి రావలెను."

జనం వచ్చారు. ఇప్పుడు ఆ ఇంటి ముందుగదిలో నాలుగు హెల్మెట్లు, ఎవరిదో గొడుగు, పక్కింటివాళ్ల గ్యాసు సిలిండరు ఉన్నాయి. నిన్న ఎవరో బజారుకు పోతూ వంకాయల సంచీ పెట్టి పోతే, దానికి పైనొకటి, లోపలొకటి లేబుల్ పడింది.

"వంకాయలకు గూడ లోపల లేబులెందుకయ్యా?" అంది యాకమ్మ.

"పైది ఊడితే? నీ రిస్కా?" అని గయ్యిమన్నాడు కొమురెల్లి.